గోడ మీది పటం నేల మీదికి దిగినప్పుడు

జిల్లా పరిషత్ హైస్కూలు స్టాఫ్ రూమ్‌లో ఒక మూల సోషల్ బీరువా ఉండేది. తలుపు తీస్తే పాత గుడ్డ, వార్నిష్, చాక్‌పీసు పొడి కలిసిన వాసన. లోపల చుట్టచుట్టి నిలబెట్టిన గోడ పటాలు, పైనా కిందా చెక్క రూళ్ళతో. భారతదేశం నైసర్గికం, భారతదేశం రాజకీయం, ఆసియా, ప్రపంచం, 23 జిల్లాల ఆంధ్రప్రదేశ్. ఇరుసు వదులైపోయి తిప్పితే కిర్రుమనే గ్లోబు. చెక్క పిడి ఉన్న రబ్బరు స్టాంపు. ఇంకు ప్యాడ్ మీద అద్ది నోట్సులో గుద్దితే అరచేయంత ఇండియా అవుట్‌లైన్ పడేది. వాటి పక్కన ఒక దారపు ఉండ, బట్టల క్లిప్పుల డబ్బా, మీటరు కర్ర. ఈ చివరి మూడూ స్టాక్ రిజిస్టరులో ఎక్కడా ఉండేవి కావు. ఆరు నుంచి పది దాకా సోషల్ పాఠం నిలబడింది మాత్రం ఆ మూడింటి మీదే.

సోషల్ అంటే నాలుగు శాస్త్రాలు. భూగోళం, చరిత్ర, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం. చిన్న బడుల్లో అయిదు తరగతులకూ ఒక్కరే సోషల్ సార్ లేదా మేడమ్. దానివల్ల పని భారం ఎక్కువే, కానీ ఒక గొప్ప వెసులుబాటు ఉండేది. ఆరో తరగతిలో పిల్లవాడి చేత ఏం చేయించారో తొమ్మిదో తరగతిలో ఆ మనిషికే గుర్తుండేది. "అప్పుడు మనం కర్ర పాతాం గుర్తుందా" అని మొదలుపెట్టి పై తరగతి పాఠం ఎత్తుకోవచ్చు. ఆ పనులు ఎలా చేయించేవాళ్ళో, ఎక్కడ తప్పు పోయేదో ఇప్పుడు బడిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళకు పనికొస్తుందని రాసిపెడుతున్నాను.

మొదటి పాఠం దిక్కులు. గోడకు మేకు కొట్టి పటం వేలాడదీస్తే పిల్లవాడి మనసులో ఒక తప్పు నాటుకుంటుంది. ఉత్తరం అంటే పైన, దక్షిణం అంటే కింద. ఆ తప్పు పదో తరగతి దాకా వదలదు. నైలు నది ఉత్తరానికి పారుతుందని చెబితే "పైకెలా ఎక్కుతుంది సార్?" అని అడిగేది అందుకే. అంత దూరం ఎందుకు, మన మంజీర ఉంది. బీడ్ జిల్లా కొండల్లో పుట్టి ఆగ్నేయంగా వచ్చి, మెదక్ ప్రాంతంలో మలుపు తిరిగి ఉత్తరానికి పోయి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. పటం మీద వేలితో ఆ దారి చూపిస్తే పిల్లలు నమ్మరు. అందుకే పటాన్ని గోడ మీంచి దించి, వరండాలో నేల మీద పరిచి, పటం ఉత్తరం నిజం ఉత్తరానికి ఉండేలా తిప్పేవాళ్ళం. పిల్లలు చుట్టూ గొంతుకు కూర్చుంటే తూర్పున ఉన్నవాడి మోకాళ్ళ దగ్గర బంగాళాఖాతం, పడమట ఉన్నవాడి దగ్గర అరేబియా సముద్రం. అప్పుడు మంజీర ఎక్కడికీ ఎక్కదు, పల్లం ఉన్న వైపుకు పోతుందంతే. పటం పరిచే ముందు నేల ఊడ్చి, కింద పాత వార్తాపత్రికలు వేయాలి. ఇసుక గింజ ఒక్కటి ఉన్నా గుడ్డ పటం మీద పెయింటు గీరుకుపోతుంది. చుట్టేటప్పుడు బొమ్మ లోపలికి కాదు, బయటికి ఉండేలా చుట్టిన బడుల్లో పటాలు ఎక్కువ కాలం ఉండేవి. లోపలికి చుట్టినవి, మళ్ళీ వేలాడదీసినప్పుడు కింది అంచు ముందుకు ముడుచుకుంటుంది. పిల్లలు చేత్తో లాగుతారు, కన్యాకుమారి చిరుగుతుంది.

నిజం ఉత్తరం ఎక్కడుందో తెలియాలి కదా. సూర్యుడు ఉదయించేది తూర్పు అని చెప్పి వదిలేస్తే చాలదు. ఏడాదిలో రెండు రోజులు తప్ప సూర్యుడు కచ్చితంగా తూర్పున పొడవడు. అందుకే మీటరు కర్ర. ఆటస్థలంలో నీడ పడని చోటు చూసి, నేల నీళ్ళు చల్లి చదును చేసి, కర్రను నిటారుగా పాతాలి. నిటారుగా ఉందా లేదా అన్నది తాపీ మేస్త్రి దగ్గర తెచ్చుకున్న తూకపు గుండు వేలాడదీసి చూడాలి. పదకొండు ముప్పావు నుంచి పన్నెండు ముప్పావు దాకా పది నిమిషాలకోసారి నీడ చివర చిన్న గులకరాయి పెట్టాలి. అన్నిటికన్నా పొట్టి నీడ కర్ర మొదలు మీదుగా ఏ గీతను చూపిస్తుందో అదే ఉత్తర దక్షిణ రేఖ.

ఇక్కడ రెండు చోట్ల చెయ్యి జారుతుంది. ఒకటి, సరిగ్గా పన్నెండింటికి పొట్టి నీడ వస్తుందనుకోవడం. మన గడియారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానిది. హైదరాబాదు 78½ డిగ్రీల దగ్గర ఉంది. తేడా 4 డిగ్రీలు, డిగ్రీకి 4 నిమిషాల లెక్కన 16 నిమిషాలు. అంటే హైదరాబాదులో సగటున మిట్టమధ్యాహ్నం 12 గంటల 16 నిమిషాలకు. అదీ నెలను బట్టి మారుతుంది. ఫిబ్రవరి నడిమికి పన్నెండున్నర దాకా పోతుంది, నవంబరు మొదట్లో దాదాపు పన్నెండుకు వచ్చేస్తుంది. విశాఖపట్నం బడిలో ఇదే పని చేస్తే హైదరాబాదు కంటే సుమారు 19 నిమిషాల ముందే పొట్టి నీడ పడుతుంది.

రెండో తప్పు మరీ పెద్దది, చాలామంది టీచర్లు దానిలో పడ్డారు. బడులు తెరిచేది జూన్‌లో. దిక్కుల పాఠం వచ్చేదీ జూన్‌లోనే. నీడ పడిన వైపే ఉత్తరం అని నోట్సులో రాసుకుని బయటికి వెళితే, ఆ నెలలో మన ఊళ్ళలో మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది! మనం కర్కటరేఖకు దిగువన ఉన్నాం. హైదరాబాదు అక్షాంశంలో మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఒకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెండు రోజుల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. జూన్ 21న మీటరు కర్రకు పది సెంటీమీటర్ల పైచిలుకు నీడ, అదీ దక్షిణం వైపు. అదే కర్రకు డిసెంబరు 22న 86 సెంటీమీటర్ల నీడ, ఉత్తరం వైపు. జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి కొలిచి రెండు రాళ్ళూ అక్కడే వదిలేస్తే, ఏడో తరగతిలో రుతువుల పాఠం సగం చెప్పేసినట్టే.

ఈ పాఠం దగ్గర తెలుగు పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "పుస్తకంలో డిసెంబరు 22 నుంచి సూర్యుడు ఉత్తరానికి జరుగుతాడని ఉంది, ఇంట్లో సంక్రాంతికి కదా ఉత్తరాయణం వస్తుందంటారు?" దీన్ని దాటేయకూడదు. పంచాంగం సూర్యుడి స్థానాన్ని నక్షత్రాల నేపథ్యంలో లెక్కిస్తుంది. భూమి ఇరుసు బొంగరంలా చాలా నెమ్మదిగా, దాదాపు 26,000 ఏళ్ళకు ఒక చుట్టు తిరుగుతుంది. ఆ కదలిక వల్ల నక్షత్రాల లెక్కకూ రుతువుల లెక్కకూ మధ్య సుమారు 72 ఏళ్ళకు ఒక డిగ్రీ చొప్పున తేడా పేరుకుంటూ ఇప్పుడు 24 డిగ్రీల దగ్గరకు వచ్చింది. మూడు వారాల పైచిలుకు తేడా అక్కడిదే. ఇది చెప్పిన క్లాసులో పిల్లలు ఇంటికెళ్ళి తాతయ్యతో పంచాంగం తెరిపించేవాళ్ళు.

గ్లోబు, కొవ్వొత్తితో చేసే ప్రదర్శనలో తప్పు టీచరు చేతిలోనే ఉంటుంది. కొవ్వొత్తి చుట్టూ గ్లోబును తిప్పేటప్పుడు మణికట్టు కూడా తిరిగిపోయి, 23½ డిగ్రీల వాలు ఎప్పుడూ కొవ్వొత్తి వైపే ఉండిపోతుంది. అలా చూపిస్తే ఏడాది పొడుగునా వేసవే. ఇరుసు పై కొన గదిలో ఎప్పుడూ ఒకే గోడ వైపు, అనుకోండి గడియారం ఉన్న గోడ వైపు, చూస్తూ ఉండాలి. నాలుగు బెంచీలు చదరంగా వేసి, ఒక్కో బెంచి మీద ఒక్కో విద్యార్థి చేత గ్లోబును అందుకునేలా చేస్తే, ప్రతి చేతి మార్పు దగ్గరా "గడియారం వైపు" అని క్లాసంతా అరుస్తుంది. ఇంకో మొండి అపోహ, ఎండాకాలంలో భూమి సూర్యుడికి దగ్గరవుతుందనేది. దానికి లెక్క చాలు. భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలో, 14.7 కోట్ల కిలోమీటర్లకు. జులైలో 15.2 కోట్లు. మనకు చలికాలంలోనే సూర్యుడు దగ్గర.

రేఖాంశాలు, కాలం లెక్కలకు వచ్చేసరికి తూర్పుకు కలపాలా, తీసేయాలా అన్న గందరగోళం. సూత్రం బట్టీ పట్టిస్తే పరీక్ష హాల్లో తిరగబడుతుంది. అందుకే ముందు ఒకటే ప్రశ్న: ఎవరికి ముందు తెల్లారుతుంది? అది చెప్పగలిగితే కలపడం, తీసేయడం తనంతట అదే వస్తుంది. తర్వాతి రోజుల్లో డల్లాస్‌లో అన్నయ్యో, బాబాయో ఉన్న పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉండేవాళ్ళు. ఆ ఊరి గడియారం 90 డిగ్రీల పశ్చిమానిది. 82½, 90 కలిపితే 172½ డిగ్రీలు, నాలుగుతో గుణిస్తే 690 నిమిషాలు, అంటే పదకొండున్నర గంటలు. "కానీ ఫోనులో పదిన్నర గంటలే తేడా వస్తోంది సార్" అని ఒకరు లేస్తారు. వేసవిలో అక్కడ గడియారాన్ని గంట ముందుకు జరుపుతారని అప్పుడు చెప్పాలి, ముందు కాదు. అలాగే గ్లోబు మీద హైదరాబాదు నుంచి చికాగోకు దారం బిగించి లాగితే అది అట్లాంటిక్ మీదుగా పోదు, ఉత్తర ధ్రువం దాపుల్లోంచి పోతుంది. గోడ పటం ఎంత మోసం చేస్తుందో ఆ దారం ముక్క చెప్పినంత బాగా మాటలు చెప్పలేవు.

ఇక పటం గీయడం. రబ్బరు స్టాంపు సులువే, కానీ స్టాంపు గుద్దిన పిల్లవాడికి దేశం ఆకారం చేతికి రాదు. ఎనిమిదో తరగతిలో ఒక నెల, వారానికి ఒక పీరియడ్ ఇస్తే తెల్లకాగితం మీద సొంతంగా గీయగలుగుతారు. పద్ధతి ఇది. ఒక సెంటీమీటరుకు 200 కిలోమీటర్లు. దేశం ఉత్తర దక్షిణాలు 3,214 కిలోమీటర్లు, తూర్పు పడమరలు 2,933. కాబట్టి నిలువు 16, అడ్డం 14½ సెంటీమీటర్ల దీర్ఘచతురస్రం పెన్సిలుతో లేతగా గీయాలి. కింది గీత మీద కన్యాకుమారికి చుక్క. ఎక్కడ? నూటికి తొంభైమంది మధ్యలో పెడతారు, మొత్తం బొమ్మ పాడయ్యేది అక్కడే. ఎడమ మూల నుంచి నాలుగున్నర సెంటీమీటర్ల దగ్గర పెట్టాలి, అంటే మూడో వంతు లోపే. తర్వాత కింది నుంచి ఎనిమిదిన్నర సెంటీమీటర్ల ఎత్తున అడ్డంగా కర్కటరేఖ. అది ఎడమ అంచును తాకే చోటు దగ్గరే కచ్ కొన. కుడి అంచును తాకేది అరుణాచల్ ప్రదేశ్, కింది నుంచి పదకొండు సెంటీమీటర్ల ఎత్తున. ఈ మూడు చుక్కలు కుదిరితే మిగతాది కలుపుకుంటూ పోవడమే.

కలిపేటప్పుడు పోయే తప్పులు ఏటా అవే. సౌరాష్ట్రను బుడిపెలా గీసి కచ్ సింధుశాఖను మింగేస్తారు. సిలిగురి దగ్గర సన్నని మెడను వెడల్పు చేసి బంగ్లాదేశ్‌ను కుదించేస్తారు. మన తీరాన్ని స్కేలు పెట్టినట్టు తిన్నగా లాగుతారు. కృష్ణా, గోదావరి నోళ్ళ దగ్గర భూమి సముద్రంలోకి పొడుచుకు వచ్చిందని, అది ఆ నదులు మోసుకొచ్చిన ఒండ్రుమట్టి అని అప్పుడు చెబితే డెల్టా పాఠం వేరే చెప్పక్కర్లేదు. అండమాన్ నికోబార్, లక్షదీవులు మరిచిపోవడం మాత్రం ఎంత చెప్పినా పోదు. అవి లేకుండా పటం దిద్దించుకోవడానికి వస్తే దిద్దకుండా వెనక్కి పంపడమే మందు.

బోర్డు మీద రోజూ పటం గీయాల్సిన టీచరుకు వేరే ఉపాయం ఉండేది. పాత క్యాలెండర్ అట్ట మీద పెద్ద అవుట్‌లైన్ గీసి, ఆ గీత వెంబడి బట్టలు కుట్టే సూదితో అర సెంటీమీటరుకో బెజ్జం. అట్టను బోర్డుకు ఆనించి ఇద్దరు పిల్లలు గట్టిగా పట్టుకుంటే, పల్చని గుడ్డలో మూటకట్టిన చాక్‌పీసు పొడితో తట్టాలి. అట్ట తీస్తే బోర్డు మీద చుక్కల దేశం! చాక్‌పీసుతో కలుపుకోవడమే. బెజ్జాలు మరీ దగ్గరైతే పోస్టు స్టాంపు అంచులా చిరుగుతుంది. దబ్బనంతో పొడిస్తే చుక్కలు మచ్చలవుతాయి. అట్ట కాస్త కదిలినా రెండు తీరాలు పడతాయి. వానాకాలంలో బోర్డు చెమ్మగా ఉంటే పొడి ముద్దకడుతుంది కాబట్టి ముందు పొడిగుడ్డతో తుడుచుకోవాలి. పదేళ్ళు వాడిన అట్టలున్నాయి.

చరిత్రకు దారపు ఉండ. చాలామంది పిల్లలకు అశోకుడు, రుద్రమదేవి, అల్లూరి ముగ్గురూ "పూర్వం" ఉన్నవాళ్ళే. ఆ పూర్వాన్ని సాగదీయాలి. క్లాసురూమ్ ఒక గోడ నుంచి ఇంకో గోడకు నాలుగున్నర మీటర్ల నూలు తాడు కడితే, సెంటీమీటరుకు పదేళ్ళ చొప్పున 4,500 ఏళ్ళు. కుడి కొన 2000వ సంవత్సరం, ఎడమ కొన సింధు నాగరికత పట్టణాలు. చీటీల మీద సంఘటనలు రాసి బట్టల క్లిప్పులతో తగిలించాలి. స్వాతంత్ర్యం కుడి కొన నుంచి అయిదు సెంటీమీటర్ల పైన. 1857 తిరుగుబాటు పద్నాలుగు దగ్గర. తళ్ళికోట యుద్ధం 43½. ఓరుగల్లు పతనం, 1323, దాదాపు 68. కళింగ యుద్ధానికి, క్రీ.పూ. 261కి, రెండు మీటర్ల పావు దాటి నడవాలి. స్కేలు పట్టుకుని అంత దూరం నడిచిన పిల్లవాడు ఓరుగల్లుకూ కళింగానికీ మధ్య ఉన్న ఖాళీని చూసి "ఇక్కడ ఎవరూ లేరా సార్?" అంటాడు. శాతవాహనులు, ఇక్ష్వాకులు, విష్ణుకుండినులు, తూర్పు చాళుక్యులు ఒక్కొక్కరే అక్కడికి వచ్చి చేరతారు. పాఠ్యపుస్తకంలో ఒక్కో పేజీ దక్కిన వాళ్ళు తాడు మీద ఎంత చోటు తీసుకుంటారో అప్పుడు తెలుస్తుంది.

తాడుతో వచ్చే చిక్కు కుడి చివర. ఆఖరి పాతిక సెంటీమీటర్లలో చీటీలు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి, ప్లాసీ నుంచి ఇటు అంతా అక్కడే కదా. దానికి కింద ఇంకో తాడు, సెంటీమీటరుకు ఒక్క ఏడు, 1757 నుంచి 1957 దాకా రెండు మీటర్లు. పై తాడు మీద తొమ్మిది సెంటీమీటర్లున్న 1857–1947 ఇక్కడ తొంభై అవుతుంది. స్కేలు మార్చడం అంటే ఏమిటో భూగోళంలో ఎంత చెప్పినా ఎక్కనిది ఇక్కడ ఎక్కేది. తాడు మీదే ఇంకో రెండు పనులు చేయించాలి. క్రీ.పూ. సంవత్సరాలు ఎడమకు పోయేకొద్దీ పెరుగుతాయని వేలితో తడిమించాలి. 1857 ఎన్నో శతాబ్దం అని అడిగితే పద్దెనిమిది అనేస్తారు. మొదటి వందేళ్ళ క్లిప్పుల దగ్గరకు తీసుకెళ్ళి "ఇది ఎన్నో శతాబ్దం?" అని మొదలుపెడితే వాళ్ళే దిద్దుకుంటారు. సున్నా సంవత్సరం లేదు, క్రీ.పూ. 1 తర్వాత క్రీ.శ. 1. లెక్కలు ఒక ఏడు తేడా వచ్చేది అందుకే.

చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం మోటుపల్లి శాసనం. బాపట్ల తీరంలోని రేవులో 1244 ప్రాంతంలో గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం. సారాంశం చిన్నది. ఇంతకుముందు రాజులు తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాగేసుకునేవారు. మేం మాత్రం కట్టవలసిన సుంకం తప్ప మిగతాదంతా సముద్ర వర్తకులకే వదిలేస్తాం. ఇది చదివించి ప్రశ్నలడిగితే మొదట వచ్చే జవాబు "కాకతీయులు మంచివారు". అక్కడ ఆగితే చరిత్ర కాదు, పొగడ్త. మాట్లాడుతున్నది ఎవరు, ఎవరితో, ఎందుకు రాతి మీద చెప్పాల్సి వచ్చింది అని మళ్ళీ అడగాలి. భయం లేనిచోట అభయం ఎందుకు? వర్తకులు రేవుకు రావడానికి జంకుతున్నారు, సుంకం మీద వచ్చే ఆదాయం రాజుకు కావాలి అని తొమ్మిదో తరగతి పిల్లలు తామే లాగుతారు. ముందరి రాజుల గురించి ఈ రాజు చెప్పింది నమ్మాలా అని ఒకరైనా అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చిన రోజు పీరియడ్ బెల్లు కొట్టినా ఎవరూ లేచేవాళ్ళు కాదు.

పౌరశాస్త్రం పుస్తకంలో చదివితే ఉప్పులేని కూర. క్లాసు లీడరు ఎన్నికను అసలు ఎన్నికలా జరిపిస్తే పాఠం అయిపోయేది. నామినేషన్లు, పరిశీలన, ఉపసంహరణ, గుర్తులు, రెండు రోజుల ప్రచారం. పోలింగుకు ముగ్గురు అధికారులు: ఒకరు జాబితాలో పేరు చూసేవారు, ఒకరు ఎడమ చూపుడు వేలికి స్కెచ్ పెన్ను చుక్క పెట్టి సంతకం తీసుకునేవారు, ఒకరు చీటీ ఇచ్చేవారు. అట్టపెట్టె వెనక రహస్య ఓటు. చీటీలన్నీ ఒకే సైజులో, ఒకే తీరుగా మడవాలి. లేకపోతే ఎవరి ఓటు ఎవరిదో తెలిసిపోయి మర్నాడు గొడవ. సమానంగా ఓట్లు వస్తే లాటరీ తీస్తారని, అది చట్టంలో ఉన్న పద్ధతేనని చెప్పడానికి ఒక్క ఏడాదైనా అవకాశం వచ్చేది. అర్థశాస్త్రంలో జీడీపీ అనగానే పిల్లలు మొహం తిప్పుకుంటారు. రైతు వంద రూపాయలకు అమ్మిన వేరుశనగ, మిల్లు నూట నలభైకి అమ్మిన నూనె, బండి మీద రెండొందలకు అమ్ముడైన మిరపకాయ బజ్జీలు. మొత్తం 440 కాదు, 200. ఎందుకంటే వేరుశనగ ధర నూనెలోనూ, నూనె ధర బజ్జీలోనూ ఇప్పటికే ఉంది. వంద, నలభై, అరవై అని ఎవరు ఎంత చేర్చారో కూడినా అదే రెండొందలు. ఒక్క పీరియడ్ చాలు.

పదో తరగతి వేరే లోకం. పాత పద్ధతిలో పదకొండు పేపర్లు, అందులో సోషల్‌వి రెండు, ఒక్కోటి యాభై మార్కులు. రెండున్నర గంటల్లో 35 మార్కుల రాత, చివరి అరగంటలో 15 మార్కుల బిట్ పేపరు. దసరా దాటిందంటే స్టడీ అవర్లు, క్వశ్చన్ బ్యాంకు, స్లిప్ టెస్టులు. బిట్ల కోసం ఏ పాఠంలో ఏ సంవత్సరం ఉందో పిల్లలు కళ్ళు మూసుకుని చెప్పేవాళ్ళు. కింది తరగతుల్లో తాడు, కర్ర, పటం చేసినవాళ్ళకు ఈ పరుగు భారం కాలేదు. చేయనివాళ్ళు అదే పరుగులో పటం ఆకారాన్ని కూడా బట్టీ పట్టాల్సి వచ్చేది, పరీక్ష హాల్లో కన్యాకుమారిని మధ్యలో పెట్టి బోల్తాపడేవాళ్ళు. మ్యాప్ పాయింటింగ్‌లో ఇంకో సంగతి. ఊరికి చుక్క, నదికి గీత, రాష్ట్రానికి గీతలు నింపడం. గుర్తు ఒకచోట, పేరు ఇంకోచోట రాస్తే దిద్దేవారికి అర్థం కాక మార్కు పోతుంది. సముద్రం వైపు ఖాళీలోకి బాణం లాగి పేరు రాయడం నేర్పాలి.

2014–15 నుంచి పదో తరగతి పుస్తకం మారింది. భారతదేశ నైసర్గిక స్వరూపాలతో మొదలై, అభివృద్ధి భావనలు, వలసలు, ఆహార భద్రత, ప్రపంచ యుద్ధాల దాకా ఒకే దండలో గుచ్చారు. విషయావగాహన, చదివి వ్యాఖ్యానించడం, సమాచార నైపుణ్యాలు, పట నైపుణ్యాలు, ప్రశంస, సున్నితత్వం అంటూ విద్యా ప్రమాణాలు వచ్చాయి. బిట్లు తగ్గి, ఆలోచించి రాయాల్సిన ప్రశ్నలు పెరిగాయి. మంచి పుస్తకాలు, మనసు పెట్టి రాసినవి. "మీ ప్రాంతంలో వలస వెళ్ళినవారిని అడిగి తెలుసుకోండి" లాంటి ప్రశ్నలు పాఠం నడుమనే ఉండేవి. బాధ ఏమిటంటే, ఏడాది తిరగకముందే గైడ్లలో ఆ ప్రశ్నలకూ జవాబులు అచ్చయ్యాయి. పాలమూరు పిల్లవాడూ, ఉద్దానం పిల్లవాడూ "మా ప్రాంతం" గురించి ఒకే నాలుగు వాక్యాలు రాశారు. దానికి మందు ఒకటే కనిపించింది. జవాబులో ఒక ఊరి పేరు, ఒక పని పేరు, ఒక కూలి రేటు తప్పనిసరిగా ఉండాలని చెప్పడం. గైడు ఆ మూడూ ఇవ్వలేదు. పిల్లలు ఇంటికెళ్ళి నాన్ననో, పక్కింటి అత్తనో అడగాల్సిందే.

చివరికి మళ్ళీ ఆ బీరువాలోని పటాలు. 2014 జూన్ 2 తర్వాత 23 జిల్లాల గోడ పటం ఒక్కసారిగా పాతబడింది. 2016 అక్టోబరులో తెలంగాణ 31 జిల్లాలైంది, 2019లో 33. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌కు 26 జిల్లాలొచ్చాయి. 2019 అక్టోబరు నుంచి లద్దాఖ్ వేరే కేంద్రపాలిత ప్రాంతం. పాత పటాలను చాలా బడుల్లో 'కండెమ్' అని రాసి పక్కన పడేశారు. అలా చేయకండి, అవి చరిత్ర పాఠాలు. బటర్ పేపరు మీద కొత్త జిల్లాల గీతలు తీసి పాత పటం మీద పరిస్తే, ఏ జిల్లా ఎన్ని ముక్కలైందో పిల్లలే లెక్కపెడతారు. ఇంకో మంచి పని, అచ్చు సంవత్సరం ఉన్న మూలను కాగితం అంటించి మూసేసి, ఈ పటం ఎప్పటిది అని అడగడం. ఛత్తీస్‌గఢ్ లేకపోతే 2000 నవంబరుకు ముందుది. చెన్నై బదులు మద్రాసు ఉంటే 1996కు ముందుది కావచ్చు, కానీ అచ్చువాళ్ళు పాత పేర్లు కొన్నాళ్ళు వదలరు కాబట్టి పేరు మీద ఒక్కదాని మీదే ఆధారపడకూడదు, సరిహద్దులే గట్టి సాక్ష్యం. విజయనగరం జిల్లా ఉంటే 1979 జూన్ తర్వాతిది. ప్రపంచ పటంలో రెండు జర్మనీలూ ఒకటై, సోవియట్ యూనియన్ ఇంకా చెక్కుచెదరకుండా ఉంటే అది 1990 అక్టోబరుకూ 1991 డిసెంబరుకూ మధ్య గీసినది. అలాంటిది బీరువా అడుగున దొరికితే ముందు దుమ్ము దులిపి, నీడలో రెండు రోజులు పరిచి ఉంచి, బొమ్మ బయటికి ఉండేలా చుట్టి, లోపల ఎండు వేపాకు వేసి పెట్టండి.